స్టీరియో సౌండ్ పల్చగా ఉంది, నిండుగా రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 కొత్తశ్రోత
అందరికీ నమస్కారం. హాల్లో కొత్తగా స్టీరియో పెట్టుకున్నాను. ఐదంగుళాల వూఫర్ (బేస్ పలికించే పెద్ద కోన్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు స్టాండ్ల మీద, 60 వాట్ల ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్, పాటలు స్ట్రీమర్ నుంచి. వివరాలన్నీ వినిపిస్తున్నాయి, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ శబ్దంలో కండ లేదు. మగ గొంతు పాడుతుంటే పెదవుల దగ్గరి చప్పుడంతా వస్తుంది, ఛాతీలోంచి వచ్చే బరువు రాదు. పియానోలో ఎడమచేతి స్వరాలు కొన్ని ఉన్నట్టుండి మాయమవుతాయి. కాసేపు వినేసరికి చెవులు అలిసిపోతున్నాయి. అదే పాట కారులో నిండుగా ఉంటుంది, అదే నా బాధ.

ట్యూబ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో పనిచేసేది) కొంటే వెచ్చదనం వస్తుందని ఒకరు, కేబుల్స్ మార్చమని ఇంకొకరు చెబుతున్నారు. గది 5 మీటర్ల పొడవు, 3.6 వెడల్పు, 3 ఎత్తు. నేల నున్నటి టైల్స్. స్పీకర్లు పొట్టి గోడ వైపు ఉన్నాయి. సోఫా ఎదుటి గోడకి ఆనించి ఉంది. ఏం మార్చమంటారు?

#2 హెర్ట్జ్‌బాబు
కొత్తశ్రోత గారూ, ఏదైనా కొనే ముందు రెండు పనులు చేయండి, ఖర్చేమీ లేదు. ఒకటి, ఆంప్ వెనకా స్పీకర్ల వెనకా ప్లస్, మైనస్ వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఒక్క స్పీకర్‌కి తిరగబడినా బేస్ సగానికి సగం పోతుంది, గొంతు మధ్యలో నిలబడకుండా గదంతా చెదిరిపోతుంది. కళ్లతో చూస్తే చాలదు, చెవితో కూడా తేల్చుకోండి. ఆంప్ ఆఫ్ చేసి ఒక్క స్పీకర్ వెనక రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి, అదే పాట వినండి. బేస్ పెరిగితే ఇంతకుముందు తప్పుగా ఉన్నట్టు, తగ్గితే సరిగ్గా ఉన్నట్టు.

రెండు, టేపు తీసుకుని స్పీకర్ ముందు ముఖం నుంచి వెనక గోడకి ఎంత దూరమో కొలిచి చెప్పండి. స్పీకర్ వీపు నుంచి కాదు, వూఫర్ బిగించిన ముఖం నుంచి.

#3 వాల్వ్‌వీరుడు
ఇన్ని పరీక్షలు ఎందుకండీ? ట్యూబ్ ఆంప్ పెట్టండి, మొదటి పాటకే తేడా తెలుస్తుంది. నా దగ్గర సింగిల్ ఎండెడ్ రకం ట్యూబ్ ఆంప్ ఒకటి ఉంది, వాట్లు తక్కువే, కానీ ఆ గొంతుల్లో ఉండే మాంసం ట్రాన్సిస్టర్‌లో నేనెప్పుడూ వినలేదు. కొలతలతో వెచ్చదనం రాదు.

#4 మోనోమూర్తి
వీరుడు గారు వింటున్నది నిజమే, కాదనను. దానికి కారణాలు మాత్రం అంత గూఢమైనవేం కావు. మీ సింగిల్ ఎండెడ్ లాంటి ట్యూబ్ ఆంపుల్లో రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఆంప్ కలిపే స్వరం, ఎక్కువగా ఉంటుంది, అది చెవికి పెద్దగా ఇబ్బంది పెట్టదు. అంతకన్నా ముఖ్యం అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే స్పీకర్‌కి కరెంటు పంపేటప్పుడు ఆంప్ లోపలే ఉండే అడ్డు. ట్రాన్సిస్టర్ ఆంప్‌లో అది దాదాపు సున్నా. చాలా ట్యూబ్ ఆంపుల్లో ఒక ఓమ్, రెండు ఓమ్‌లు, ఫీడ్‌బ్యాక్ లేని వాటిలో ఇంకా ఎక్కువ. అప్పుడు స్పీకర్ ఇంపీడెన్స్ ఎక్కడ పెరిగితే అక్కడ శబ్దం కాస్త పెరుగుతుంది. చాలా బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి ఆ ఎత్తు బేస్‌లో ఉంటుంది కాబట్టి నిండుగా అనిపిస్తుంది. ఇంకో స్పీకర్‌కి అదే ఎత్తు క్రాసోవర్ దగ్గర (వూఫర్ ఆగి, ట్రెబుల్ పలికే ట్వీటర్ అందుకునే చోట) ఉంటే గొంతు ముందుకు పొడుచుకొస్తుంది. అందుకే ఒకరింట్లో అద్భుతం అనిపించిన ట్యూబ్ ఆంప్ ఇంకొకరింట్లో మామూలుగా ఉంటుంది.

1985లో బాబ్ కార్వర్ అనే డిజైనర్ ‘స్టీరియోఫైల్’ పత్రిక వాళ్లతో పందెం వేసి, తన ట్రాన్సిస్టర్ ఆంప్‌ని వాళ్లు మెచ్చుకున్న ఖరీదైన ఆంప్‌లాగే వినిపించేట్టు మార్చి చూపించాడు. ఆయన చేసిందల్లా రెండింటి అవుట్‌పుట్ తేడా వింటూ, ఆ తేడా దాదాపు లేకుండా పోయేదాకా సర్దుకుంటూ పోవడమే. కొత్తశ్రోత గారి సమస్యకి ఇదంతా రెండో అధ్యాయం. ముందు హెర్ట్జ్‌బాబు అడిగింది చెప్పండి.

#5 కొత్తశ్రోత
వైర్లు మార్చి విన్నాను. బేస్ ఇంకా తగ్గింది, గొంతు గాల్లో తేలిపోయింది. అంటే మొదట ఉన్నదే సరైనది. మళ్లీ అలాగే పెట్టేశాను.
స్పీకర్ ముఖం నుంచి వెనక గోడకి 70 సెంటీమీటర్లు. వూఫర్ నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. వీడియోలన్నిట్లో స్పీకర్లను గోడ నుంచి దూరం జరపమంటారు కదా, అందుకే ముందుకు పెట్టాను.

#6 హెర్ట్జ్‌బాబు
ఆ 70 సెంటీమీటర్ల దగ్గరే అనుమానం.

తక్కువ ఫ్రీక్వెన్సీలు స్పీకర్ నుంచి ముందుకు మాత్రమే రావు, అన్ని వైపులకీ పోతాయి. వెనక్కి పోయిన అల గోడకి తగిలి తిరిగొస్తుంది. మీ విషయంలో అది 70 పోను, 70 రాను, మొత్తం 1.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. ఏ స్వరానికైతే ఆ దూరం సరిగ్గా సగం తరంగదైర్ఘ్యమో, అక్కడ ముందు అలా వెనక అలా ఎదురుపడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, శబ్దంలో గొయ్యి పడుతుంది. లెక్క చిన్నదే. శబ్ద వేగం సెకనుకి 343 మీటర్లు, దాన్ని గోడ దూరానికి నాలుగు రెట్లతో భాగించాలి. 343 ని 2.8 తో భాగిస్తే సుమారు 122 హెర్ట్జ్.

మగ గొంతు మూలస్వరం ఎక్కువగా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. పియానోలో మధ్య సి కింద ఉన్న సప్తకం దాటి ఇంకా కిందికి దిగగానే తగిలే బి స్వరం 123 హెర్ట్జ్. మీరు మాయమవుతున్నాయన్న ఎడమచేతి స్వరాలు ఇవేనేమో చూడండి. శబ్దానికి నిండుదనం ఇచ్చేది 100 నుంచి 300 దాకా ఉన్న ఈ ప్రాంతమే. 40 హెర్ట్జ్ దగ్గర ఎంత గుడగుడలాడినా ఇక్కడ గొయ్యి ఉంటే పల్చగానే వినిపిస్తుంది.

గోడ నుంచి దూరం జరపమనే సలహా తప్పు కాదు, అరకొరగా జరపడంతోనే చిక్కు. 1.2 మీటర్లు జరిపితే గొయ్యి 71 హెర్ట్జ్‌కి దిగిపోయి గొంతుల జోలికి రాదు. హాల్లో అంత దూరం ఎవరికీ కుదరదు కాబట్టి రెండో దారి, గోడకి దగ్గరగా నెట్టడం. అప్పుడు గొయ్యి పైకి పోతుంది. పైకి పోయేకొద్దీ స్పీకర్ శబ్దాన్ని ఎక్కువగా ముందుకే తోస్తుంది కాబట్టి గొయ్యి లోతు కూడా తగ్గుతుంది.

#7 టేపురికార్డర్
మరి నేల సంగతేంటి బాబూ? వూఫర్ 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉందంటున్నారు. అదే లెక్క వేస్తే 114 వస్తోంది. రెండూ ఒకేచోట పడి గొయ్యి ఇంకా లోతు అవుతుంది కదా?

#8 మోనోమూర్తి
ఆ సూత్రం నేలకి వర్తించదండీ. వెనక గోడ అల నేరుగా వెళ్లి నేరుగా వస్తుంది కాబట్టి అక్కడ రెండింతల దూరం సరిపోతుంది. నేల మీది అల ఏటవాలుగా దిగి, ఏటవాలుగా లేచి చెవికి చేరుతుంది. వినేవాళ్లు 3 మీటర్ల దూరంలో, చెవి మీటరు ఎత్తులో ఉందనుకుంటే నేరు దారి 3.01 మీటర్లు, నేల దారి 3.47. తేడా 46 సెంటీమీటర్లే. గొయ్యి పడేది 370 హెర్ట్జ్ దగ్గర. అది దాదాపు అన్ని ఇళ్లలోనూ ఉంటుంది, మనందరం నేల మీదే నిలబడి మాట్లాడుకుంటాం కాబట్టి చెవికి అలవాటు కూడా. స్పీకర్లకీ సోఫాకీ మధ్య మందపాటి తివాచీ పరిస్తే పై ఫ్రీక్వెన్సీల్లో గరగర తగ్గుతుంది. టైల్స్ కాబట్టి అది ఎలాగూ వేయండి.

#9 వెండితీగ
కేబుల్స్ గురించి ఎవరూ మాట్లాడరేం? వెండిపూత కేబుల్ ఉంటే తీసేసి మంచి రాగి కేబుల్ వేస్తే వెచ్చబడుతుంది.

#10 హెర్ట్జ్‌బాబు
అన్నా, నీ పేరు చూసే చెబుతున్నావనుకుంటా :) 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు 5 మీటర్లు వాడితే, పోనూ రానూ కలిపి నిరోధం 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అదెంత? కొత్తశ్రోత గారి వైరు జుట్టంత సన్నగా ఉంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

#11 కొత్తశ్రోత
స్పీకర్లు వెనక్కి నెట్టాను. ఇప్పుడు ముఖం నుంచి గోడకి 39 సెంటీమీటర్లు, వీపు వెనక 12 ఖాళీ. తివాచీ కూడా పరిచాను.

తేడా పెద్దదే. గొంతుకి ఛాతీ వచ్చింది. చెల్లో తీగ మీద కమాను ఆనగానే లేచే ఆ గుమ్మటం లాంటి ధ్వని ఇప్పుడు స్పీకర్ల మధ్య కనబడుతోంది. ఇంతకుముందు అక్కడ గీరుడు మాత్రమే ఉండేది. కానీ కొత్త తలనొప్పి ఒకటి. బేస్ గిటార్‌లో కొన్ని స్వరాలు బూమ్ మని ఊగుతున్నాయి, పక్క స్వరాలు మామూలుగా ఉన్నాయి. సోఫాలో వెనక్కి వాలితే మరీ ఎక్కువ. వంటగదిలోంచి వింటే ఇల్లంతా మోగుతోంది.

#12 మూలకూర్చున్నవాడు
చాలాకాలంగా చదువుతూ ఉన్నా, ఇక్కడ మాత్రం నోరు విప్పాల్సిందే. ఆ బూమ్ గది తాలూకుది. ఎదురెదురు గోడల మధ్య అల అటూ ఇటూ తిరిగి గట్టిగా మోగే ఫ్రీక్వెన్సీని మోడ్ అంటారు. 5 మీటర్ల పొడవుకి మొదటి మోడ్ 34 హెర్ట్జ్, రెండోది 69. వెడల్పుకి 48, ఎత్తుకి 57. ఈ ఫ్రీక్వెన్సీల్లో గోడల దగ్గర ఒత్తిడి గరిష్ఠంగా ఉంటుంది. మీ సోఫా గోడకి ఆనుకునే ఉంది కదా, పొడవు మోడ్‌లన్నీ మీ తల వెనకే పోగుపడుతున్నాయి.

సోఫాని ముందుకు లాగండి. మరీ గది మధ్యకి తెస్తే 34 పూర్తిగా మాయమవుతుంది, అదీ బాగుండదు. సోఫా వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ దూరం మంచి చోటని స్టూడియోలు కట్టేవాళ్లు 38 శాతం లెక్క చెబుతారు. హాల్లో సోఫా అంత ముందుకొస్తే ఇంట్లో యుద్ధమే. 60, 70 సెంటీమీటర్లు లాగినా చాలా తేడా ఉంటుంది.

ఇంకోటి, స్పీకర్ల వెనక పోర్ట్ (గాలి పోయే గొట్టం లాంటి రంధ్రం) ఉందా? ఉంటే అందులో ఫోమ్ ముక్క కుక్కి చూడండి. చాలా కంపెనీలు పెట్టెలోనే ఇస్తాయి. లేకపోతే చుట్టిన సాక్స్ కూడా పనిచేస్తుంది. పోర్ట్ మూస్తే అడుగు బేస్ తగ్గుతుంది, గోడ దగ్గర పెట్టడం వల్ల పెరిగిన దానికి అది సరిపోతుంది. 100 పైన ఉన్న నిండుదనం మాత్రం అలాగే ఉంటుంది. నా దృష్టిలో గోడ దగ్గర పెట్టిన చిన్న స్పీకర్లకి ఇంతకన్నా మంచి ట్వీక్ లేదు.

#13 వాల్వ్‌వీరుడు
సాక్స్ కుక్కి సంగీతం వినే రోజులు వచ్చాయన్నమాట. కానివ్వండి.

#14 టేపురికార్డర్
కొత్తశ్రోత గారూ, ఇంకో ప్రశ్న. మీరు ఎక్కువగా ఎంత వాల్యూమ్‌లో వింటారు? రాత్రిపూట మెల్లగా వింటుంటే ఏ స్పీకరైనా పల్చగానే ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి మధ్య స్వరాల కన్నా బేస్‌ని ఎక్కువగా వదిలేస్తుంది. చాలా పాత ఆంపుల్లో మెల్లగా వినేటప్పుడు బేస్ పెంచే లౌడ్‌నెస్ బటన్ ఉండేది అందుకే. యమహా వాళ్లయితే దాన్ని తిప్పుకునే నాబ్‌గానే ఇస్తారు. ప్యూరిస్టులు దాన్ని ముట్టుకోవద్దంటారు, నేను మాత్రం రాత్రి పదకొండు దాటాక వాడకుండా ఉండను.

టోన్ కంట్రోల్స్ గురించీ అంతే. పీటర్ బాక్సాండాల్ 1952లో ప్రచురించిన సర్క్యూట్ ఇప్పటికీ అందరూ వాడుతున్నారంటే ఊరికే కాదు. క్వాడ్ 34 ప్రీఆంప్‌లో టిల్ట్ అని ఒక నాబ్ ఉండేది. తిప్పితే బేస్ కాస్త లేస్తుంది, ట్రెబుల్ అంతే దిగుతుంది, మొత్తం శబ్దం ఒక పక్కకి వాలుతుంది. పొడిగా అనిపించే రికార్డింగులకి దాన్ని మించిన మందు లేదు. రికార్డింగే గీరుకుపోతుంటే స్పీకర్లను తిట్టి లాభమేంటి?

#15 కొత్తశ్రోత
రాత్రే ఎక్కువ, మెల్లగానే. నా ఆంప్‌లో లౌడ్‌నెస్ లేదు, బేస్, ట్రెబుల్ ఉన్నాయి. స్ట్రీమర్‌లో పారామెట్రిక్ ఈక్వలైజర్ (కావలసిన ఫ్రీక్వెన్సీ ఎంచుకుని పెంచేది, తగ్గించేది) ఉంది, ఇంతవరకూ తెరవలేదు. పోర్టుల్లో ఫోమ్ పెట్టాను, సోఫా ముందుకు లాగాను. బూమ్ సగం పైగా పోయింది. కొలిచే మైక్ ఒకటి స్నేహితుడు అరువిచ్చాడు. కొలత సరిగ్గా ఎలా తీయాలి?

#16 మోనోమూర్తి
రూమ్ ఈక్యూ విజర్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితమే, దించుకోండి. మైక్‌తో పాటు వచ్చే కాలిబ్రేషన్ ఫైలు (ఆ మైక్ తేడాలను సరిదిద్దేది) అందులో ఎక్కించండి. మైక్ మీ చెవి ఉండే చోట, స్టాండ్ మీద. మీరు సోఫాలో కూర్చోకండి. ఎడమ, కుడి విడివిడిగా స్వీప్ (అడుగు బేస్ నుంచి ట్రెబుల్ దాకా సాగే పరీక్ష శబ్దం) తీయండి. తర్వాత మైక్‌ని అటూ ఇటూ ఒక జానెడు జరుపుతూ కొన్ని తీసి సగటు చూడండి. ఒకే చోట తీసిన కొలతని నమ్ముకుంటే తల కదిపినప్పుడల్లా మోసపోతారు.

ఒక జాగ్రత్త. గ్రాఫ్‌లో గుట్టలుంటే ఈక్వలైజర్‌తో కోయండి. లోతైన గోతులను పూడ్చడానికి మాత్రం ప్రయత్నించకండి. గొయ్యి రెండు అలలు కొట్టేసుకోవడం వల్ల పడింది. మీరు అక్కడ శబ్దం పెంచితే వెనక గోడ నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది, మళ్లీ కొట్టేసుకుంటాయి. పైగా 9 డెసిబెల్స్ పెంచడమంటే ఎనిమిది రెట్ల పవర్. 5 వాట్లు సరిపోయే చోట 40 అడుగుతారు. మీ 60 వాట్ల ఆంప్ శక్తి చాలక క్లిప్ అయిందంటే శబ్దం మరింత గరుకు అవుతుంది.

పై భాగం గీత బల్లపరుపుగా ఉండాలని పట్టుబట్టకండి. 1974లో బ్రూయెల్ అండ్ కేర్ వాళ్లు సూచించిన గీత చూడండి. 200 హెర్ట్జ్ నుంచి మెల్లగా దిగుతూ 20 కిలోహెర్ట్జ్‌కి చేరేసరికి సుమారు 6 డెసిబెల్స్ తక్కువ. గదిలో వినే చోట బల్లపరుపుగా కొలిస్తే దాదాపు ఎవరికైనా ట్రెబుల్ ఎక్కువగానే అనిపిస్తుంది.

#17 కొత్తశ్రోత
కొలిచాను. సరదాకి స్పీకర్లను పాత చోట పెట్టి కూడా ఒక స్వీప్ తీశాను. పాత చోట 120 దగ్గర గొయ్యి సరిగ్గా హెర్ట్జ్‌బాబు గారు చెప్పినట్టే ఉంది, చుట్టూ ఉన్నదానికన్నా 9 డెసిబెల్స్ లోతు. కొత్త చోట అది 220 పక్కకి పోయింది, లోతు 4. 48 దగ్గర ఒక గుట్ట, 7 డెసిబెల్స్. 2 కిలోహెర్ట్జ్ నుంచి పైకి గీత దిగనే లేదు, దాదాపు సమంగా ఉంది.

48 దగ్గర 5 తగ్గించాను. 3 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా షెల్ఫ్ ఫిల్టర్‌తో ఒకేలా 2 తగ్గించాను. ఈ రెండో మార్పు చాలా చిన్నదే కదా అనుకుంటూ చేశాను. ఆల్బమ్ మొత్తం అయిపోయాక కానీ చెవులు అలిసిపోలేదన్న సంగతి గుర్తుకు రాలేదు.

#18 మూలకూర్చున్నవాడు
48 మీ గది వెడల్పు మోడ్ లెక్కతో కలుస్తోంది, భలే దొరికింది. షెల్ఫ్ ఫిల్టర్ బదులు స్పీకర్ల మూతి మార్చి కూడా చూడండి. ఇప్పుడు నేరుగా చెవి వైపే తిరిగి ఉన్నాయా? వాటిని కొద్దిగా బయటికి తిప్పి, రెండు ట్వీటర్ల గీతలూ మీ భుజాల బయటి నుంచి పోయేట్టు పెడితే పై ట్రెబుల్ తనంతట తనే తగ్గుతుంది. మరీ ఎక్కువ తిప్పితే పక్క గోడల నుంచి తిరిగొచ్చేది పెరుగుతుంది, అక్కడ పుస్తకాల అలమరో మందపాటి కర్టెనో ఉంటే మంచిది.

220 దగ్గరి గొయ్యి ఇంకా బాధపెడితే స్పీకర్ల వెనక గోడకి 10 సెంటీమీటర్ల మందం ఉన్న రాక్‌వూల్ ప్యానెల్ పెట్టొచ్చు. ఆ ఫ్రీక్వెన్సీలో అది బాగా పీలుస్తుంది. 120 దగ్గర ఉండి ఉంటే అంత మందం పెద్దగా పనిచేసేది కాదు. గుడ్లట్టల్లాంటి పల్చటి ఫోమ్ మాత్రం కొనకండి. అది ట్రెబుల్‌ని మాత్రమే మింగి, గది చచ్చినట్టు వినిపిస్తుంది, నిండుదనం ఒక్క చుక్క రాదు.

#19 వెండితీగ
సబ్‌వూఫర్ పెడితే?

#20 హెర్ట్జ్‌బాబు
పెట్టొచ్చు, కానీ సబ్ పనిచేసేది 80 కింద. ఈయన ఫిర్యాదంతా దానికి పైన ఉంది. ముందే సబ్ కొనుంటే గొయ్యి గొయ్యిలాగే ఉండి, కింద గుడగుడ ఎక్కువయ్యేది. ఇప్పుడైతే అర్థం ఉంది. పెడితే సబ్‌ని కూర్చునే చోట సోఫా మీద పెట్టి, మీరు గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకుతూ బేస్ ఎక్కడ సమంగా ఉందో వెతకండి. దొరికిన చోటే సబ్ చోటు. ఇంట్లోవాళ్లు లేనప్పుడు చేస్తే పరువు దక్కుతుంది.

#21 వాల్వ్‌వీరుడు
సరే, గది సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా ట్యూబ్ రుచి ఎలా ఉంటుందో ఈయన ఒక్కసారైనా చూడాలి. మూర్తి గారూ, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ వల్లే అన్నారు కదా, మరి ట్యూబ్ లేకుండా ఆ పని చేయించే దారి ఉందా?

#22 మోనోమూర్తి
ఉంది. ఒక్కో స్పీకర్‌కి ప్లస్ వైరులో 1 ఓమ్ రెసిస్టర్ వరసగా కలపడమే. స్పీకర్ ఇంపీడెన్స్ బేస్‌లో 30 ఓమ్‌లు, కనిష్ఠంగా 5 ఓమ్‌లు అనుకుందాం. 30 దగ్గర 0.3 డెసిబెల్ పోతుంది, 5 దగ్గర 1.6. అంటే బేస్ మిగతా దానికన్నా 1.3 డెసిబెల్స్ లేస్తుంది. ఆ లేచే చోటు మీ స్పీకర్‌ని బట్టి ఉంటుంది. ఇలా చేస్తే రెండో హార్మోనిక్ రాదు, ట్యూబ్ ఆంప్ ధోరణిలో సగం మాత్రం వస్తుంది.

పోల్చి వినేటప్పుడు వాల్యూమ్ సమం చేయండి. రెసిస్టర్ పెడితే మొత్తం శబ్దం కాస్త తగ్గుతుంది, దాన్ని సరిచేయకపోతే ఎప్పుడూ గట్టిగా వినిపించేదే గెలుస్తుంది.

#23 కొత్తశ్రోత
ఆంప్ కొనడం ప్రస్తుతానికి పక్కన పెట్టాను, ఇది మాత్రం చేసి చూస్తాను. రెసిస్టర్ ఎన్ని వాట్లది తీసుకోవాలి? పోర్ట్‌లో ఫోమ్ అలాగే ఉంచనా, తీసేయనా?

#24 మోనోమూర్తి
25 వాట్ల వైర్‌వూండ్ (తీగ చుట్టి చేసిన) రెసిస్టర్ తీసుకోండి, మీరు వినే వాల్యూమ్‌కి అది ఎక్కువే. వేడెక్కుతుంది కాబట్టి తివాచీ మీద పడేయకుండా, దేనికీ తగలకుండా గాలి ఆడే చోట పెట్టండి. ఆంప్ ఆఫ్ చేసి, ప్లగ్ తీశాకే వైర్లు ముట్టుకోండి. ఫోమ్ ఉంచే మొదలుపెట్టండి. రెసిస్టర్ పెట్టాక మళ్లీ ఒక స్వీప్ తీసి రెండు గ్రాఫులూ ఇక్కడ పెట్టండి, 48 దగ్గర ఫిల్టర్ ఎంత మార్చాలో అప్పుడు చూద్దాం.